కూపర్స్‌టౌన్ చూడని అంపైరు

ఏప్రిల్ 14, ఆదివారం

ఈ వేసవిలో కూపర్స్‌టౌన్ వెళ్తున్నాం. నిర్ణయం అయిపోయింది. పొద్దున చర్చి నుంచి వస్తూ కార్లో నా భార్య లొరెట్టాతో చెప్పాను.

"ఏ వేసవి?" అంది.

"ఈ వేసవే."

"సరే. మన వీధి దాటిపోయావు. వెనక్కి తిప్పు," అంది.

మాట్లాడుతూ నడిపితే ఎవరికైనా మలుపు తప్పుతుంది.

ముప్పై ఏళ్ళకి పైగా ఈ ఓలియన్ ఊళ్ళో పిల్లల ఆటలకి, హైస్కూలు ఆటలకి అంపైరుగా నిలబడ్డవాణ్ణి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోయే దూరంలో, కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ని, ఆ ఆట మహామహుల మ్యూజియాన్ని, ఇంతవరకూ చూడలేదంటే బయటివాళ్ళెవరూ నమ్మరు. మా పాదిరీ చూసొచ్చాడు. ఆయనకి బేస్‌బాల్‌కీ గోల్ఫ్‌కీ తేడా తెలీదు. లొరెట్టా చెల్లెలు కుక్కని వెంటబెట్టుకుని మరీ వెళ్ళొచ్చింది. నాకు మాత్రం కుదరలేదు. వారమంతా నేలకి పరిచే పలకల ఫ్యాక్టరీ, శని ఆదివారాలు మైదానం. వేసవి అంతా అందరూ ఆ ఊరు చూడ్డానికి వెళ్తుంటే నేను ఇక్కడ దుమ్ములో వంగి నిలబడి, బంతి మోకాళ్ళ పైన వచ్చిందా కింద వచ్చిందా అని తీర్పులు చెప్తూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, రిటైరయ్యాను. మోకాళ్ళు సహకరించడం లేదు కాబట్టి ఈ ఏడాది ఆటలకి కూడా రానని లీగ్ వాళ్ళకి చెప్పేశాను. అంతా తీరికే.

అక్కడ గోడల మీద కంచు ఫలకాలు ఉంటాయట. ఒక్కో మహానుభావుడికి ఒక్కోటి, ముఖం పోతపోసి, కింద ఆయన ఘనత నాలుగు ముక్కల్లో రాసి. గోడల నిండా ఆటగాళ్ళే. వాళ్ళ మధ్య ఎక్కడో గుప్పెడు మంది అంపైర్లు. నాకు చూడాలని ఉన్నది ఆ గుప్పెడు మందినే. ఆటగాళ్ళని చూడ్డానికి దేశమంతా ఉంది. అంపైరుని చూడ్డానికి ఇంకో అంపైరే వెళ్ళాలి.

ఏప్రిల్ 20, శనివారం

వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాను. పదిహేడో నంబరు రోడ్డు పట్టుకుని కార్నింగ్, ఎల్మైరా, బింగమ్‌టన్. అక్కడి నుంచి ఈశాన్యంగా. తేలికైన దారే. కానీ ఈ మధ్య మ్యాపులు వేసేవాళ్ళు సిరా పొదుపు చేస్తున్నట్టున్నారు. ఊళ్ళ పేర్లన్నీ చీమలు పాకినట్టున్నాయి. పైగా సరిగ్గా నేను చూస్తున్న చోటే మ్యాపు మాసిపోయి ఉంది. చూపు పక్కకి తిప్పితే ఆ మరక కూడా పక్కకి జరిగింది.

లొరెట్టా వచ్చి భూతద్దం నా చేతి పక్కన పెట్టి, పిండి కలుపుకోవడానికి వెళ్ళిపోయింది. నేను అడగలేదు.

ఏప్రిల్ 24

పక్కింటివాళ్ళ పోస్టు డబ్బా ఎప్పుడో రోడ్డు మీదకి వాలింది. ఇవాళ నా కారుకి తగిలింది. వాళ్ళే క్షమాపణ చెప్పాల్సింది.

మే 4, శనివారం

ఆటలకి వెళ్ళనన్నవాణ్ణి ఇవాళ వెళ్ళాల్సి వచ్చింది. రావాల్సిన అంపైరుకి ఎక్కడో పెళ్ళి. లీగ్ కార్యదర్శి ఫోన్ చేసి, "ఒక్క ఆట, కాజ్. నీ మోకాళ్ళకి దండం పెడతాను," అన్నాడు. కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే నా నల్ల చొక్కాని బీరువాలోంచి తీసి రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాను.

ఆడుతున్నది గస్ పెట్రిలి జట్టు. గస్ అంటే ఈ ఊళ్ళో కార్ల సైలెన్సర్లు బాగుచేసేవాడు. ఊరిలో అందరికంటే పెద్ద గొంతు వాడిదే. దేవుడికి హాస్యం తెలుసు. ఇరవై ఏళ్ళుగా వాడు కుర్రాళ్ళ జట్టుకి కోచ్. నేను చెప్పిన ప్రతి తీర్పు మీదా వాడు పరిగెత్తుకొచ్చి నా ముఖంలో ముఖం పెట్టి అరవడం, నేను చెయ్యెత్తి వాణ్ణి మైదానం బయటికి పంపించడం, వాడు కంచె బయట నిలబడి మళ్ళీ అరవడం. మా ఇద్దరి మధ్యా మాటలంటూ ఉంటే ఇవే. దుకాణంలో ఎదురుపడితే తల కూడా ఊపుకోం.

ఆట చివరికొచ్చింది, రెండు జట్లూ సమానం. గస్ కుర్రాడొకడు పరుగు పూర్తి చెయ్యడానికి నా ముందున్న హోమ్ ప్లేట్ వైపు దూసుకొచ్చి దుమ్ములో జారాడు. వాడు చేరేలోగా క్యాచరు బంతి పట్టుకుని దాంతో వాణ్ణి తాకాడు. నేను చూశాను. "అవుట్!" అన్నాను, గట్టిగా, చెయ్యి విసిరి.

స్టాండ్‌లో ఒక్కసారిగా అరుపులు. గస్ కుర్చీలోంచి లేచి వస్తున్నాడు, ఎప్పట్లాగే, టోపీ వెనక్కి తిప్పుకుని. వచ్చాడు. నోరు తెరిచాడు. ఆ అరుపులకి అనుమానమొచ్చి నేను ఆ బంతి ఎక్కడుందా అని నా బూట్ల దగ్గర చూస్తున్నాను. తాకేటప్పుడు క్యాచరు చేతిలోంచి అది జారిపోయిందట. అంటే కుర్రాడు సేఫ్. బంతి నా ముందే, తెల్లగా, అందరికీ కనిపించేలా నేల మీద పడి ఉందట. ఇది తరవాత తెలిసింది.

గస్ నోరు అలాగే తెరుచుకుని ఉంది. నా కళ్ళలోకి చూశాడు. నా బూట్ల వంక చూశాడు. మళ్ళీ నా వంక చూశాడు. తరవాత టోపీ సరిచేసుకుని, "అవుటే. మా వాడు అవుటే," అని వెనక్కి తిరిగి వెళ్ళి కూర్చున్నాడు.

స్టాండ్ మొత్తం చర్చిలా అయిపోయింది. అదనంగా ఆడిన రౌండులో గస్ కుర్రాళ్ళు ఓడిపోయారు.

వయసు మీద పడి మెత్తబడ్డాడనుకుంటా.

మే 5, ఆదివారం

గస్ పెట్రిలి మా ఇంటికి వచ్చాడు. రాసుకుంటున్నా నమ్మకం కలగడం లేదు. లొరెట్టా చర్చి వంటశాలలో ఉంది. నేను వరండాలో ఉన్నాను. వాడు మెట్ల దగ్గరే నిలబడ్డాడు, చేతులకి గ్రీజుతో.

"డుడెక్, కూపర్స్‌టౌన్ వెళ్తున్నావటగా?"

"ఊళ్ళో ఏదీ దాగదు."

"ఎవరు నడుపుతారు కారు?"

"నా కారు ఎవరు నడుపుతారు? నీ తాత నడుపుతాడా?"

వాడు కాసేపు మెట్టుని బూటుతో గోకాడు. "ఒరేయ్, నిన్న బంతి ఎక్కడుందో నీకు కనిపించలేదు కదరా?"

నేను లేచి నిలబడి, చెయ్యెత్తి, వేలితో గేటు వైపు చూపించాను. మైదానంలో ఎలా పంపిస్తానో అలాగే. వాడు వెనక్కి తిరిగాడు. గేటు కూడా మెల్లిగా వేసి వెళ్ళాడు. అరిచి ఉంటే బాగుండేది.

లొరెట్టాకి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

మే 14

సరస్సు పక్కన సత్రంలో గది దొరికింది. జూలై పదమూడు. ఫోన్ తీసినావిడ ఎంత మర్యాదో! లొరెట్టా తన కోరికలు చెప్పింది: కిటికీలోంచి నీళ్ళు కనిపించాలి, కింద అంతస్తు కావాలి, దారిలో టాయిలెట్ కోసం అడిగితే విసుక్కోకూడదు. నేను నా కోరిక చెప్పాను: లోపల నన్ను తొందర పెట్టకూడదు. ఒక్కో అంపైరు ముందు నాకు నచ్చినంతసేపు నిలబడతాను.

"నిలబడు. నీ మోకాళ్ళు ఒప్పుకుంటే," అంది. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

మే 28, మంగళవారం

బఫెలో వెళ్ళొచ్చాను, బస్సులో. కారుకి టైర్లు చూడ్డానికని లొరెట్టాకి చెప్పాను. టైర్లు కొనడానికి బస్సులో వెళ్ళేవాణ్ణి నన్నొక్కణ్ణే చూసుంటుంది.

మే 29

టైర్లు బాగాలేవు.

జూన్ 3, సోమవారం

సరే, రాస్తాను. ఇది నా పుస్తకమే, ఎవరూ చదవరు.

నేను వెళ్ళింది కళ్ళ డాక్టరు దగ్గరికి. హాల్వర్సన్ అని, చిన్న వయసు ఆవిడ. కళ్ళలో మందు వేసి, గడ్డం ఆనించమని, వెలుగులు కొట్టి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంది. డాక్టరు బల్ల అవతలి నుంచి లేచి మన పక్కన కూర్చుందంటే ఇక చెప్పక్కర్లేదు.

"మిస్టర్ డుడెక్, మీ చూపు మధ్యలో పొగలాంటిది కనిపిస్తోంది కదా? అది పెరుగుతుంది. అంచులు మిగులుతాయి. మీరు చీకట్లోకి వెళ్ళిపోరు, ఇంట్లో తిరగగలరు, మనుషులొస్తే తెలుస్తుంది. కానీ సూటిగా చూసినప్పుడు ముఖాలు, అక్షరాలు..."

"మందు?"

"మీ రకానికి ఇప్పటికి లేదు. నన్ను క్షమించండి."

"జూలైలో నాకు ఒక ప్రయాణం ఉంది," అన్నాను.

"తప్పకుండా వెళ్ళండి. కానీ మీరు నడపకూడదు. ఇవాళ్టి నుంచే. ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు?"

"బస్సు."

"మంచి పని చేశారు," అంది. స్కూల్లో టీచరు మెచ్చుకున్నట్టు అనిపించింది. అరవై నాలుగేళ్ళవాణ్ణి, ఆ మెప్పు పట్టుకుని బస్సెక్కాను.

అయితే డాక్టర్లు అందరికీ ఒకే మాట చెప్తారు. మధ్యలో లేకపోతే ఏం, అంచులు ఉన్నాయి కదా. కాస్త పక్కకి చూస్తూ నడిపితే రోడ్డు బాగానే కనిపిస్తుంది. పొద్దున్నే, ఎండ నెత్తికెక్కకముందు బయల్దేరితే లారీలు ఉండవు. ముందు ఊళ్ళోనే కాస్త సాధన చేసుకోవాలి. ఆటగాళ్ళు చెయ్యరా సాధన!

జూన్ 6

పాల దుకాణం దాకా నడిపాను. ఏమీ కాలేదు. చెప్పానుగా.

జూన్ 8, శనివారం

పొద్దున కాస్త దూరం వెళ్దామని ప్రధాన వీధిలోకి తిప్పాను. మబ్బు పట్టి ఉంది. మెల్లిగానే వెళ్తున్నాను, ముఖం కాస్త ఎడమకి తిప్పి, కుడి అంచుతో రోడ్డు చూసుకుంటూ. చెట్లు కనిపించాయి. దుకాణాలు కనిపించాయి. రోడ్డు ఖాళీ.

రోడ్డు ఖాళీ కాదు.

బానెట్ మీద టపామని చప్పుడు. బ్రేకు మీద నిలబడ్డాను. ఎదురుగా, కారుకి ఆనుకుని, మా వీధి చివర ఉండే బెట్సీ కెలర్. ఒక చెయ్యి నా బానెట్ మీద ఉంది. ఇంకో చేత్తో పసిపిల్ల బండిని వెనక్కి లాగి పట్టుకుంది. మనుషులు దాటడానికి గీసిన తెల్ల గీతల మధ్య నిలబడి ఉంది.

"కాజ్! నన్ను చూళ్ళేదా? ఇంత ఎర్ర కోటు వేసుకున్నాను!"

"ఎండ కళ్ళలో పడింది, బెట్సీ."

ఆవిడ తలెత్తి ఆకాశం వంక చూసింది. నేనూ చూశాను. మబ్బే.

బండిలో పిల్ల నిద్ర లేవలేదు. బెట్సీ చెయ్యి మాత్రం ఇంకా బానెట్ మీదే ఉంది, తీస్తే కారు కదులుతుందన్నట్టు. నేను ఇంజను ఆపాను. తలుపు తీసి దిగాను. తాళంచెవి అందులోనే వదిలేశాను. ఆవిడతో ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. నడిచి ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా నా కుడి చెయ్యి స్టీరింగు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంది.

ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాను. కాసేపటికి నా కారు వచ్చి ఆగింది. అందులోంచి గస్ పెట్రిలి దిగాడు. వాడి షాపు అక్కడికి దగ్గరే. తాళంచెవి తీసుకొచ్చి, నా చేతికి ఇవ్వకుండా, వాకిట్లోకి వచ్చిన లొరెట్టా చేతికి ఇచ్చాడు. ఆవిడ పుచ్చుకుంది. వాడు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

జూన్ 9, ఆదివారం

నిన్న జరిగిన మిగతా భాగం.

లొరెట్టా తాళంచెవిని ఏప్రను జేబులో వేసుకుని నా ఎదురు కుర్చీలో కూర్చుంది. నేను మొత్తం చెప్పాను. బఫెలో, డాక్టరు, పొగ, అన్నీ. ఏడుస్తుందనుకున్నాను. ఓదార్చడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"అయిందా?" అంది.

"అయింది."

"మోకాళ్ళు! మోకాళ్ళట మోకాళ్ళు! మీ మేనకోడలి పెళ్ళిలో పోల్కా డాన్సు చేసి ముగ్గురు ఆడవాళ్ళని అలిసిపోయి కూర్చునేలా చేశావు, ఆ మోకాళ్ళతో! చలికాలం నుంచి కాఫీని కప్పు పక్కన పోసుకుంటున్నావు. నేను తుడుస్తున్నాను. నువ్వు ఎక్కడ చెయ్యి పెడతావో అక్కడే కప్పు పెడుతున్నాను. పక్కింటివాళ్ళకి పోస్టు డబ్బా బాగుచేయించింది ఎవరనుకున్నావు? రోజూ అనుకుంటున్నాను, ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని. నువ్వేమో బస్సెక్కి టైర్లు కొనడానికి పోయావు!"

"నువ్వు భయపడతావని..."

"నేను భయపడలేదనుకున్నావా? ఒక్కదాన్నే భయపడ్డాను. అది ఇంకా ఘోరం."

నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ వేరే ఆడమనిషికి పనికొచ్చేవి.

కాసేపటికి ఆవిడే లేచి, బంగాళాదుంప కూరిన, కజ్జికాయల్లాంటి పియెరోగీలు వేయించి తెచ్చింది. "పన్నెండు గంటల దిక్కున ఉల్లిపాయలు, ఆరు గంటల దిక్కున మీగడ," అని పళ్ళెం నా ముందు పెట్టింది. రేడియోలో విందట, చూపు తగ్గినవాళ్ళకి పళ్ళేన్ని గడియారంలా చెప్పాలని. ఎప్పుడు విన్నావంటే మార్చిలో అంది.

తిన్నాను. బాగున్నాయి.

జూన్ 11

సత్రానికి ఫోన్ చేసి గది వద్దన్నాను. ఆ మర్యాద గలావిడ, "ఇంకోసారి తప్పకుండా రండి, చూడాల్సిన చోటు," అంది.

చూడాల్సిన చోటే.

జూన్ 12

ఏమీ లేదు.

జూన్ 15

లొరెట్టా లావుపాటి నల్ల పెన్ను తెచ్చింది. ఇంత లావు అక్షరాలు రాస్తే పేజీకి నాలుగు వాక్యాలే పడుతున్నాయి. పొదుపుగా మాట్లాడటం నేర్చుకోవాలి.

జూన్ 20, గురువారం

పొదుపు ఇవాళ కుదరదు. గస్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మెట్లెక్కి వచ్చి, పిలవకుండానే కూర్చున్నాడు.

"కొత్త అంపైరు వచ్చాడు," అన్నాడు.

"విన్నాను."

"నన్ను సార్ అంటాడు."

"అంటే?"

"అంటే ఏమిటిరా! నేను పరిగెత్తుకెళ్ళి, గొంతు చించుకుని అరిస్తే, 'మీ బాధ నాకు అర్థమైంది సార్' అంటాడు. బంతి ఎటు నుంచి ఎటు పోయిందో వేలితో గీసి చూపిస్తాడు. అలాంటివాడితో ఆడేది ఎలా? మొన్న నన్ను బయటికి పంపించమని నేనే అడిగాను. 'అవసరం లేదు సార్, కాస్త నీళ్ళు తాగండి' అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి. లోపల నుంచి లొరెట్టా నవ్వు కూడా వినిపించింది. అంటే తలుపు వెనకే నిలబడిందన్నమాట.

"జూలై పదమూడున నా వ్యాను కూపర్స్‌టౌన్ వెళ్తోంది," అన్నాడు. "ముందు సీటు ఖాళీ. వెనక సీటు ఖాళీ."

"నేను రాను. అక్కడ నాకేం కనిపిస్తుంది? గోడ కనిపిస్తుంది. గోడ చూడ్డానికి అంత దూరం ఎందుకు, ఇక్కడే ఉంది."

"నేను చదివి వినిపిస్తాను."

"నువ్వా? అంపైర్ల గురించి? నువ్వు?"

"నోరు ఉంది, అక్షరాలు వచ్చు. ఇంకేం కావాలి?"

"నీ జాలి నాకక్కర్లేదు, గస్."

వాడు కుర్చీ విరిగేలా లేచాడు. "జాలా! ఇరవై ఏళ్ళు నన్ను గెంటావు, జాలి నీ మీద నాకా? నాలుగు గంటల పైన ప్రయాణంరా, ఒక్కణ్ణే ఎవరితో పోట్లాడను? రేడియోతోనా?"

తలుపు తెరుచుకుంది. లొరెట్టా ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గస్, నీ వ్యానులో వెనక సీటుకి గుడ్డ వేసి ఉంటుందా, లేక గ్రీజేనా?"

"గుడ్డ వేస్తాను, మేడం."

"అయితే వస్తున్నాం."

మాట్లాడ్డానికి నాకు అవకాశం రాలేదు. ఇంట్లో అంపైరు ఎవరో ముందు నుంచీ తెలిసిందే.

జూన్ 30

దారి గురించి పెద్ద గొడవ. గస్ పదిహేడో నంబరు అంటాడు. మొదట నేను చెప్పిందే అది, కానీ వాడు అన్నాక నాకు సరస్సుల మీదుగా వెళ్ళే ఉత్తరపు దారి బాగుంటుందనిపించింది. ఫోన్‌లో పోట్లాడుకున్నాం. వాడు ఫోన్ పెట్టేశాడు. నేను మళ్ళీ చేసి, చెప్పాల్సింది చెప్పి, నేను పెట్టేశాను. ఇలా మధ్యాహ్నమంతా గడిచింది. తీర్పు లొరెట్టాది: పదిహేడు. ఎందుకంటే ఆ దారిలో టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి.

సత్రంలో మా గది ఇంకా ఖాళీగానే ఉంది. ఆ మర్యాద గలావిడ నా గొంతు గుర్తుపట్టింది.

జూలై 12, శుక్రవారం

లొరెట్టా గుడ్లు ఉడకబెట్టింది. సాసేజి, రై రొట్టె, పచ్చళ్ళు, కెమెరా, గొడుగు. గస్ వ్యాను కడిగించాడని ఊరంతా చెప్పుకుంటున్నారు. కొన్నప్పటి నుంచి ఇదే మొదటిసారట.

వెళ్ళి అక్కడ నిలబడి, ఏమీ కనిపించక, వాళ్ళిద్దరూ నా ముఖం చూస్తూ ఉంటే? సరే, పడుకుంటాను.

జూలై 13, శనివారం

సత్రంలో, కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. సరస్సు ఉందని లొరెట్టా అంటోంది. అంచుల్లో మెరుస్తోంది, అది నాకు తెలుస్తోంది. పుస్తకం మొత్తం అయిపోయినా సరే, ఇవాళంతా రాయాలి.

దారిలో ఎల్మైరా దాటేదాకా గస్, నేను మాట్లాడుకోలేదు. పోట్లాడ్డానికి మనిషి కావాలన్నవాడు నోరు కుట్టేసుకుని నడిపాడు. చివరికి నేనే అడిగాను.

"ఆ రోజు ఎందుకు వాదించలేదు? ఆ పరుగుతో మీ వాళ్ళు గెలిచేవాళ్ళు."

వాడు అద్దం సరిచేసుకున్నాడు. "నువ్వు తప్పు చూసి ఉంటే వాదించేవాణ్ణి. నువ్వసలు చూడనే లేదు. చూడనివాడితో ఏం వాదిస్తాం?"

"మరి కుర్రాళ్ళకి ఏం చెప్పావు?"

"అంపైరు మాటే మాట అన్నాను. వాళ్ళు నాకు జ్వరం వచ్చిందనుకున్నారు."

వెనక నుంచి లొరెట్టా ఒలిచిన గుడ్డు ఒకటి వాడికి, ఒకటి నాకు అందించింది. ఆ తరవాత మాటలు కుదిరాయి. అంటే పోట్లాట కుదిరింది. బింగమ్‌టన్ దగ్గర మలుపు తప్పాం. తప్పు వాడిది అని నేను, నాది అని వాడు.

ఇక లోపల. ఎర్ర ఇటుకల భవనం అని లొరెట్టా చెప్పింది. ఫలకాలున్న హాలు ఎత్తుగా, చల్లగా ఉంది. అడుగుల చప్పుడు పైకి వెళ్ళి తిరిగొస్తోంది. జనం ఉన్నా అందరూ మెల్లిగా మాట్లాడుకుంటున్నారు. గోడల నిండా గోధుమరంగు మెరుపులు. నేను సూటిగా చూసిన ప్రతిచోటా ఆ మెరుపు మాయమై పొగ మిగులుతోంది. ముందు కాస్త తడబడ్డాను. గస్ నా మోచేతి కింద చెయ్యి వేశాడు. తీసెయ్యమన్నాను. తియ్యలేదు.

ఆటగాళ్ళని దాటుకుంటూ వెళ్ళాం. గస్ వెతికి పట్టుకున్నాడు. "ఇదిగో మీవాడు," అని ఆపాడు, ఒక అంపైరు ముందు.

సూటిగా చూశాను. ఏమీ లేదు. పొగ.

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన అంచులు గుర్తొచ్చి కళ్ళు పక్కకి తిప్పాను. ఆయన్ని కాకుండా, పక్కనున్న ఎవరో ఆటగాడి ఫలకాన్ని చూస్తూ నిలబడ్డాను. అంచులోకి మెల్లిగా ఒక భుజం వచ్చింది. తరవాత గడ్డం. టోపీ అంచు. ముక్కు లేదు, కళ్ళు లేవు, కానీ మనిషి ఉన్నాడు. కదిలితే పోతాడేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పక్కవాణ్ణి చూస్తే ఈయన కనిపిస్తున్నాడు.

"కనిపిస్తున్నాడా?" అంది లొరెట్టా.

"గడ్డం కనిపిస్తోంది. మొండి గడ్డం."

"అయితే అంపైరే," అన్నాడు గస్.

తరవాత వాడు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. వాడికి మెల్లిగా చదవడం రాదు. మైదానం గొంతే. హాలంతా మోగింది. ఎన్ని ఏళ్ళు నిలబడ్డాడు, ఎన్ని పెద్ద ఆటల్లో తీర్పు చెప్పాడు, ఎంత నిక్కచ్చి మనిషి, అంతా. ఎవరో వెనక్కి తిరిగి చూశారట. కాపలా ఆయన దగ్గరికి వచ్చాడట, ఆపడానికని. వచ్చి, నా చూపు ఎటు తిరిగి ఉందో చూసి, అక్కడే నిలబడి విన్నాడట. ఇవన్నీ లొరెట్టా తరవాత చెప్పింది. నాకు మాత్రం గస్ గొంతు ఒక్కటే వినిపించింది. "న్యాయం" అన్న మాట దగ్గర వాడు ఆగిపోయాడు. దగ్గి, మళ్ళీ ఆ వాక్యం మొదటి నుంచి చదివాడు.

గుప్పెడు మందినీ చదివాడు. ఒక్కో ఆయన ముందు నాకు నచ్చినంతసేపు నిలబడ్డాను. తొందర పెట్టలేదు, ఇద్దరూ.

చివరి ఆయన దగ్గర, "గస్, నిన్ను అన్నిసార్లు గెంటాను కదా, ఒక్కసారైనా తప్పుగా గెంటానా?" అన్నాను.

"ఒక్కసారి కూడా ఒప్పుగా గెంటలేదు," అన్నాడు.

బయటికి వచ్చాక ఎండ. వీధి చివర డబుల్‌డే మైదానంలో ఎవరో ముసలివాళ్ళ జట్లు సరదాగా ఆడుతున్నాయి. నిమ్మరసం కొనుక్కుని స్టాండ్‌లో కూర్చున్నాం. లొరెట్టా చెప్పులు విప్పేసి కాళ్ళు ముందు బెంచీ మీద చాపింది. గస్ ఆట చెప్తున్నాడు: ఇటువాడు కుంటుతున్నాడు, అటువాడికి పొట్ట, బంతి విసిరేవాడికి మా నాన్న వయసు. నేను వింటున్నాను. పచ్చిక వాసన, బల్లెక్కి గెంతుతున్న పిల్లలు, తోలు గ్లవ్వులో బంతి పడిన చప్పుడు.

"స్ట్రయిక్!" అన్నాడు అక్కడి అంపైరు, బంతి హద్దులోనే వచ్చిందని.

"ఏంటీ!" గస్ లేచి నిలబడ్డాడు. "అది బయట పడింది! గజం దూరంలో పడింది! చూశావా డుడెక్?"

ముప్పై ఏళ్ళు ఆ గీత ఇవతల నిలబడి ఉన్నాను. ఆ వైపు నుంచి జనం అరుస్తుంటే వినిపించనట్టు ఉండటమే నా ఉద్యోగం. నేను ఎప్పుడూ, ఎక్కడా, ఏ అంపైరు మీదా అరవలేదు.

లేచాను. నిమ్మరసం లొరెట్టా చేతికిచ్చాను. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాను.

"సిగ్గుందా నీకు! ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఈ పని! ఇంటికి పో!"

స్టాండ్‌లో అందరూ మా వైపు తిరిగారు. అంపైరు కూడా తిరిగాడనుకుంటా, ఒక నల్ల చొక్కా అంచులో కదిలింది. గస్ నా వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. లొరెట్టా నిమ్మరసం ఒలికేలా నవ్వుతోంది. నేను మళ్ళీ అరిచాను, ఇంకా గట్టిగా. ఎంత హాయిగా ఉందో! ఇన్నేళ్ళూ వీళ్ళు ఇంత సుఖపడ్డారా!

బంతి నాకు కనిపించలేదు. అయినా అది స్ట్రయిక్ కానే కాదు.